చప్పుడు వినిపిస్తోందని ఇంట్లో ఉండిపోకండి

ప్రశ్న: మాది వింజమూరు దగ్గర పల్లె. నాకిప్పుడు 30 వారాలు. స్కానింగ్‌కి నెల్లూరు పోయి వచ్చేసరికి రోజంతా అయిపోతుంది. మా తమ్ముడు ఆన్‌లైన్‌లో డాప్లర్ కొనిచ్చాడు, రోజూ రాత్రి బిడ్డ గుండె చప్పుడు వింటున్నాను. మొన్న అరగంట వెతికినా దొరక్క తెల్లవార్లూ ఏడ్చాను. ఇజ్రాయెల్‌లో ఫోన్‌కి తగిలించుకుని ఇంట్లోనే స్కాన్ తీసుకునే మెషిన్ ఉందట. తెప్పించుకోవచ్చా?

జవాబు: ఉన్నమాట నిజమేనమ్మా, పల్సెన్‌మోర్ అనే కంపెనీది. ఫోన్ అమర్చి పొట్ట మీద కదిలిస్తే ఆ వీడియో డాక్టర్‌కి చేరుతుంది, బిడ్డ గుండె, కదలిక, ఉమ్మనీరు చూసి చెబుతారు. అక్కడ కూడా అది మామూలు స్కాన్‌లకు బదులు కాదు. మన దగ్గర మాత్రం కుదరదు. 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం స్కానింగ్ మెషిన్ రిజిస్టర్ అయిన చోటే ఉండాలి, ఎవరైనా తెచ్చిస్తామన్నా వద్దనండి. దూరాభారం మీకెంత కష్టమో తెలుసు, అయినా ఆడపిల్లల్ని కడుపులోనే చంపకుండా తెచ్చిన చట్టం కాబట్టి నేను దాని పక్షమే.

నాకు అసలు భయం మీ చేతిలో ఉన్న డాప్లర్‌తో. బిడ్డ తిరిగి పడుకున్నా, మాయ ముందువైపు ఉన్నా చప్పుడు దొరక్కపోవడం మామూలే. దొరికినప్పుడే ఎక్కువ మోసపోతాం. ఈ రాత్రి డాప్లర్ పెట్టినప్పుడు మీ ఆయన్ని మీ మణికట్టు దగ్గర నాడి పట్టుకోమనండి. తెర మీద 90 కనిపిస్తూ, ఆ టకటకా మీ నాడీ ఒక్కసారే పడుతుంటే మీరు వింటున్నది మీ రక్తం చప్పుడే. బిడ్డది నిమిషానికి 110 నుంచి 160 దాకా ఉంటుంది, కానీ టెన్షన్‌లో మీ నాడి కూడా 110 దాటొచ్చు, అప్పుడా అంకెను కూడా నమ్మలేం. నిజంగా బిడ్డ గుండే అయినా, ఆ నిమిషానికి కొట్టుకుంటోందని తెలుస్తుంది గానీ లోపల బాగుందో లేదో తెలియదు. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి కదలికలు తగ్గినా 'చప్పుడు వస్తోంది కదా' అని రెండు రోజులు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ బిడ్డ దక్కలేదు.

అందుకే కదలికల్ని నమ్ముకోండి. అన్నం తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని లెక్కపెట్టండి, రెండు గంటల్లో 10 రావాలి. మధ్యలో 20, 40 నిమిషాలు బిడ్డ నిద్రపోవచ్చు, కంగారుపడొద్దు. 10 రాకపోయినా, రోజూ తన్నే తీరు మారినా డాప్లర్ జోలికి పోకుండా, అర్ధరాత్రైనా సరే, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లండి. నెలలు నిండేకొద్దీ చోటు చాలక బిడ్డ కదలదని పెద్దవాళ్లు అంటారు, అది నిజం కాదు.

డబ్బు పెట్టాలనుకుంటే జబ్బకు కట్టే బీపీ మెషిన్ కొనండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, చూసుకుని, తేదీతో నోట్‌బుక్‌లో రాసి ఆ పేజీ ఫొటో మీ డాక్టరమ్మకు వాట్సాప్ చేయండి. దూరం నుంచి మేం చూసి ఉపయోగపడేది అదే. 140/90 గానీ అంతకు మించి గానీ వచ్చినా, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు, రక్తం కనిపించడం, ఉమ్మనీరు పోవడం, వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, మీకు దగ్గర్లో ఎక్కడో ఆశా కార్యకర్తను అడగండి. వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్, మీ బీపీ మెషిన్ రెండూ తీసుకెళ్లి, అక్కడి మెషిన్‌తో సరిగ్గా సరిపోతోందో లేదో చూపించుకోండి.