అమ్ములుకి పెదనాన్న ఉత్తరం: చార్ట్ గీసే ముందు

చిరంజీవి అమ్ములుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన వర్షపాతం చార్ట్ చూశాను. పైథాన్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన కొద్దిరోజులకే అందులో చార్టులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీ దాకా వచ్చావు, చాలా సంతోషం. కానీ నెల్లూరు, ఆదిలాబాద్‌ల ఏడాది మొత్తం వానను రెండు కడ్డీలుగా పక్కపక్కన పెట్టేసరికి అసలు విషయం మరుగున పడింది. ఆదిలాబాద్‌లో వానంతా దాదాపు నైరుతి రుతుపవనాలదే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. నెల్లూరుకి ఎక్కువ వాన అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. నెలలవారీగా రెండు గీతలు గీసి చూడు, ఒకటి దిగే వేళకి రెండోది లేస్తుంది. ఏం చూపించాలో తేల్చుకున్నాకే కోడ్ ముట్టుకో.

ఇక్కడే ఒక చిక్కుంది. నెలల పేర్లు ఇంగ్లిష్‌లో ఉంచి గ్రూప్‌బై చేస్తే, అంటే నెలలవారీగా గుంపులు కడితే, పట్టికల పని చూసే పాండాస్ లైబ్రరీ వాటిని ఇంగ్లిష్ అక్షర క్రమంలో పేరుస్తుంది. ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు, ఫిబ్రవరి... గీత పిచ్చిగా ఎగిరి పడుతుంది. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి డేటాయే అలా ఉందనుకుంటాం. నెలకి 1 నుంచి 12 వరకు నంబరు పెట్టుకో, పేర్లు చివర్లో అతికించు.

సబ్‌ప్లాట్స్ అనే ఫంక్షన్‌తో ఫిగ్ (మొత్తం బొమ్మ), ఏఎక్స్ (అందులో చార్ట్ గీసే చోటు) తీసుకుని అంతా ఏఎక్స్ మీదే గీయడం ఇప్పటినుంచే అలవాటు చేసుకో. నిలువు గీత పక్కన మిల్లీమీటర్లని రాయి. కడ్డీలైతే సున్నా నుంచే మొదలవ్వాలి, ఇందులో రాజీ వద్దు.

వర్షపాతాన్ని మ్యాప్ మీద రంగుల్లో చూపిస్తే ఇంద్రధనుస్సు రంగులు వాడకు. లేని హద్దులు ఉన్నట్టు కనిపిస్తాయి. 2017లో వచ్చిన 2.0 వెర్షన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాళ్లే ఇంద్రధనుస్సులాంటి పాత జెట్ రంగుల వరస బదులు విరిడిస్ అనే వరసని డిఫాల్ట్ చేశారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు కూడా దాన్ని చదవగలరు.

జిల్లాల పేర్లు తెలుగులో రాయాలన్న నీ పట్టుదల నాకు బాగా నచ్చింది. డిఫాల్ట్ ఫాంట్‌లో తెలుగు లేదు, అందుకే నీకు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలొచ్చాయి. నోటో సాన్స్ తెలుగు అనే ఫాంట్ పెట్టినా మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలా వెర్షన్లలో వత్తులు విడిపోతాయి. టెన్షన్ పడకు, ప్లాట్లీ అనే ఇంకో చార్టుల లైబ్రరీతో గీయి, బొమ్మ బ్రౌజర్‌లో కనిపిస్తుంది. అక్కడ అక్షరాలు కూర్చేది బ్రౌజర్ కాబట్టి ‘నెల్లూరు’ నెల్లూరులాగే వస్తుంది.

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో బొమ్మని ఫైలుగా దాచే సేవ్‌ఫిగ్ లైను, తెర మీద చూపించే షో లైను కంటే ముందుండాలి, లేకపోతే ఖాళీ బొమ్మ సేవ్ కావచ్చు. నెలలవారీ చార్ట్ అయ్యాక కోడ్‌తో సహా పంపు, కూర్చుని చూస్తాను.

మీ పెదనాన్న