చెప్పేలోపు నేనే చేసేయొచ్చు అనిపిస్తోంది

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో చీరల హోల్‌సేల్ వ్యాపారం నాది. నలభై ఒకటో ఏట ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలపడం, పనులు వరసపెట్టుకోవడం కష్టమయ్యే సమస్య) అని సైకియాట్రిస్టు తేల్చారు. ఆర్నెల్ల క్రితం ఒకమ్మాయిని అసిస్టెంట్‌గా పెట్టుకున్నాను. పని చెబుదామంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియదు. చెప్పేలోపు నేనే చేసేయొచ్చు అనిపిస్తుంది. చెప్పిన పని మర్చిపోయి మళ్లీ నేనే చేస్తున్నాను. మొన్న సూరత్ పార్టీకి ఒకే బిల్లు డబ్బు రెండుసార్లు వెళ్లింది. ఆమె జీతం దండగేనా?

జవాబు: దండగ కాదు. పని అప్పగించడమే ఒక పని, అది మీకు మరీ కష్టమైన రకం. పనిని ముక్కలు చేయాలి, వరస పెట్టాలి, ఎవరికి ఏం చెప్పామో గుర్తుంచుకోవాలి. ఏడీహెచ్‌డీ దెబ్బకొట్టేది సరిగ్గా వీటినే. అందుకే ‘లిస్టు రాసివ్వండి’ అనే సలహా మీకు పనికిరాదు. రోజూ లిస్టు రాయగలిగితే ఈ ఉత్తరమే రాసేవారు కాదు. మీరు గుర్తుపెట్టుకుని చెప్పే పద్ధతి మానేసి, ఆమె అడిగి రాబట్టే పద్ధతి పెట్టండి.

షట్టర్ తీశాక, బేరాలు మొదలవకముందు 15 నిమిషాలు కేటాయించండి. ఆమే వచ్చి ఎదురుగా కూర్చోవాలి. మీరు పిలవాలని పెట్టుకుంటే మూడోరోజుకే ఆగిపోతుంది. మీరు తోచిన వరసలో చెప్పేయండి. ఆమె ఒకే నోటుబుక్కులో రాసుకుంటూ ప్రతి పనికీ నాలుగు సంగతులు అడగాలి: అయిపోయిందని ఎలా తెలుస్తుంది, ఎప్పటికి కావాలి, కాగితాలెక్కడున్నాయి, ఎక్కడ ఆగి మిమ్మల్ని అడగాలి. ‘సూరత్ బిల్లులు చూడు’ అంటే ఆమెకు ఏమీ చెప్పనట్టే. ‘పోయిన నెల సూరత్ బిల్లులకు ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీలు జతచెయ్, ఎల్ఆర్ లేనివి వేరే కవర్లో పెట్టు, గురువారం సాయంత్రానికి అవెన్నో చెప్పు’ అంటే చేయగలదు. చివర్లో అంతా మీకు చదివి వినిపించాలి. సగం పొరపాట్లు అక్కడే బయటపడతాయి.

మధ్యలో గుర్తొచ్చినవి నిమిషం దాటని వాయిస్ మెసేజ్‌గా పంపండి. ఆమె పుస్తకంలోకి ఎక్కించి ‘రాశాను’ అని జవాబివ్వాలి. ఆ మాట రాకపోతే ఇంకా అప్పగించనట్టే లెక్క. చెల్లింపుల్లో ఒక్కటే నియమం: బిల్లు ఆమె చేతిమీదుగానే మీ బల్ల మీదికి రావాలి, డబ్బు వెళ్లాక యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), తేదీ ఆ బిల్లు మీదే రాసి ఫైల్లో పెట్టాలి. ఫోన్లో పార్టీ అడిగాడని అక్కడికక్కడే పంపేయడం వల్లే రెండుసార్లు వెళ్తుంది.

మొదట అప్పగించాల్సింది జీఎస్టీ బిల్లుల పని. నెలనెలా రిటర్నులు వేసేవారికి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) గడువు 11, జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్కగట్టి కట్టే రిటర్ను) గడువు 20. ఆమె పుస్తకంలో ఈ గడువు తేదీలు కాదు, వాటికి ముందే పని ముగిసే తేదీలు ఉండాలి. 5కల్లా అమ్మకం బిల్లులు అకౌంటెంటుకు. 14న 2బీ (సరఫరాదారులు వేసిన రిటర్నుల నుంచి జీఎస్టీ పోర్టల్ తయారుచేసే మీ కొనుగోళ్ల జాబితా) వచ్చాక కొనుగోలు బిల్లులతో పోల్చడం. 16కల్లా 2బీలో కనబడని సరఫరాదారులకు ఫోన్లు. అందులో లేని బిల్లుకు ఆ నెల ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మీ పన్నులోంచి తగ్గించుకోవడం) రాదు కాబట్టి ఆ ఫోన్లే అసలు డబ్బు. ఓపిగ్గా కూర్చుని చేయాల్సిన పని, మీరు సగంలో వదిలేసేది కూడా ఇదే. 3బీ ఆలస్యమైతే, పన్ను కట్టాల్సిన రిటర్నుకు రోజుకు 50 రూపాయల రుసుము, పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ.

చివరి మెట్టు మాత్రం మీదే. ప్రొప్రయిటర్‌షిప్ (ఒక్కరి సొంత వ్యాపారం) అయితే రిటర్ను వేసే ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది. 18న ఉదయం 11కు ఆమె పక్కన కూర్చుని అది కొట్టించాలి. సంతకాలు, ఈమెయిల్ జవాబులు కూడా ఇలాగే చేయొచ్చు. పక్కన మనిషి ఉంటే ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి చెయ్యి కదులుతుంది. బ్యాంకు పాస్‌వర్డు మాత్రం ఇవ్వకండి. ఆమె ఎక్కించి మీరు ఆమోదించే సదుపాయం చాలా బ్యాంకుల వ్యాపార ఖాతాల్లో ఉంది, అడగండి.

ఇది చెడేది మీ వైపునుంచే. అన్నీ మీ అనుమతి కోసం ఆగితే ఆమె ఖాళీగా కూర్చుంటుంది. వెయ్యి రూపాయల లోపు ఖర్చు, పార్సిల్ ట్రాన్స్‌పోర్టు ఎంపిక లాంటివి ఆమే తేల్చేయొచ్చని ముందే చెప్పండి. నెలకో కొత్త యాప్ పెట్టకండి. ఆ సరదా మీది, తిప్పలు ఆమెవి. ఇచ్చిన పని మధ్యలో లాక్కోకండి. జబ్బు పేరు ఆమెకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ‘నోటిమాటగా చెబితే మర్చిపోతాను, మళ్లీ అడుగు, కోప్పడను’ అంటే చాలు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక ఆర్కిటెక్టు దగ్గర అసిస్టెంట్‌ని. సార్‌కి ఏడీహెచ్‌డీ. రోజుకు పదిసార్లు ‘ఇది అర్జంటు’ అంటారు. దేనికి పరుగెత్తాలి?

జవాబు: ఎదురు చెప్పకండి, ఎంచుకోమనండి. ‘సార్, ఇది చేస్తే మధ్యాహ్నం క్లయింటుకు పంపాల్సిన డ్రాయింగు రేపటికి జరుగుతుంది. ఏది ముందు?’ అని రెండే దారులు చూపించండి. ఐదు చూపిస్తే ఏదీ తేలదు. చేతిలో ఉన్న మూడు పనులు ఆయన బల్ల ఎదురుగా తెల్లబోర్డు మీద రాసి ఉంచండి. నాలుగోది రాయాలంటే ఆయనే ఒకటి చెరపాలి.