ఫినామినాలజీ మీద ఆక్షేపణలు రాసేటప్పుడు

చి. సౌమ్యకు, ఆశీస్సులు.

నీ మూడో అధ్యాయం ప్లాను చూశాను. ఫినామినాలజీ, అంటే అనుభవాన్ని అది మనకి కనిపించే తీరులోనే వర్ణించే తత్వశాస్త్ర పద్ధతి. దాని మీద తొమ్మిది ఆక్షేపణలు, ఒక్కోదానికి మూడేసి పేజీలు. అలా వద్దమ్మా. కోంత్ నుంచి డెరిడా దాకా అందర్నీ వరసలో నిలబెడితే నువ్వు చాలా చదివావని ఎగ్జామినర్‌కి తెలుస్తుంది తప్ప, ఎవరి దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియదు.

ముందు పద్ధతిని విడగొట్టు. ఈ పద్ధతిని మొదలుపెట్టిన హుసెర్ల్ 1913 నాటి 'ఐడియాస్' మొదటి భాగంలో కనీసం నాలుగు వేర్వేరు పనులున్నాయి. ప్రపంచం ఉందనే సహజమైన నమ్మకాన్ని వాడుకోకుండా పక్కన పెట్టడం ఒకటి. ఇదే ఎపోకే. అనుభవం మీదికే చూపు తిప్పడం, అంటే రిఫ్లెక్షన్, రెండోది. ఉదాహరణని ఊహలో మార్చి మార్చి చూసి, మారకుండా నిలిచేదాన్ని పట్టుకోవడం మూడోది. పట్టుకున్నదాన్ని మాటల్లో పెట్టడం నాలుగోది. నోట్సులో ప్రతి ఆక్షేపణ పక్కనా అది ఏ పనికి తగులుతోందో అంకె వేసుకో. రెండంకెలు వేయాల్సి వస్తే ఆ ఆక్షేపణని రెండుగా చీల్చు.

ఈ అంకెలు వేసుకోకపోతే ఏమవుతుందో చూడు. హుసెర్ల్ గొట్టింగెన్ శిష్యుల్లో చాలామంది, ఇన్‌గార్డెన్‌తో సహా, ఆయన ట్రాన్సెండెంటల్ ఐడియలిజాన్ని, అంటే ప్రపంచం అర్థమూ ఉనికీ చైతన్యంతో ముడిపడే ఉన్నాయన్న సిద్ధాంతాన్ని, ఒప్పుకోలేదు. దాన్ని చాలామంది "పద్ధతినే తిరస్కరించారు" అని రాసేస్తారు. వాళ్ళు కాదన్నది మొదటి పని మీద కట్టిన సిద్ధాంతాన్ని. మూడో పని వదల్లేదు. ఫ్రెంచి తత్వవేత్త మెర్లో-పోంటీ సంగతీ దాదాపు అంతే. రిడక్షన్, అంటే ఎపోకేతో మొదలయ్యే ఆ చూపు మళ్ళింపు, పూర్తిగా సాధ్యం కాదన్నదే రిడక్షన్ నేర్పే ముఖ్యమైన పాఠమని 1945లో రాశాడు. చేసి చూసినవాడికే ఆ పాఠం అందుతుంది. ఆయన్ని ప్రత్యర్థుల జాబితాలోంచి తీసెయ్.

అధ్యాయంలో సగం, హుసెర్ల్ కాలపు జర్మన్ తత్వవేత్త నాటార్ప్‌కి ఇవ్వు. 1912లో తన మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఆయన పెట్టిన చిక్కుని మించింది నాకు కనబడదు. అందులో రెండు ముళ్ళున్నాయి. సాగుతున్న అనుభవం మీదికి చూపు తిప్పగానే అది ఆగి వస్తువైపోతుంది, ఇది రెండో పనికి. మాటల్లో పెట్టగానే ఆ ఒక్క అనుభవం సామాన్యమైపోతుంది, ఇది నాలుగోదానికి. దీన్ని గాల్లో వాదించకు. ఒక చిన్న అనుభవం పట్టుకో.

పుస్తకం చదువుకుంటున్నావు. వంటింట్లో కుక్కర్ కూస్తోంది, నీకు పట్టలేదు. "ఎన్ని విజిల్స్ వచ్చాయే?" అని అమ్మ అడిగితే తడుముకోకుండా "మూడు" అంటావు. దీన్ని పది పంక్తుల్లో వర్ణించు. తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని ఆవిరి, గ్యాసు, వెయిట్ అన్నవన్నీ కొట్టెయ్. అవి కారణాలు, మొదటి పని కింద పక్కకి పోతాయి. "వంటింట్లోంచి" అన్నదాన్ని మాత్రం తొందరపడి కొట్టకు. ఆ కూత ఆ వైపు నుంచే వినపడింది కదా, అంతవరకు అది అనుభవంలోదే. ఇప్పుడు "మూడు" దగ్గర ఆగు. వినపడ్డప్పుడే అవి మూడుగా ఉన్నాయా, అమ్మ అడిగాక నువ్వు లెక్కగట్టావా? గడిచిన కూత ఇంకా పట్టులోనే ఉంది, ఆ పట్టు పేరే రిటెన్షన్, చూపు తిప్పితే అంతకుముందే ఉన్నదిగా కనిపిస్తుంది అంటాడు హుసెర్ల్. "అంతకుముందే" అన్నదీ ఇప్పటి చూపులో తేలిందే, నువ్వు చూడలేదు, మళ్ళీ కట్టుకున్నావు అంటాడు నాటార్ప్.

హుసెర్ల్ దగ్గర దీనికి పనికొచ్చే జవాబు 'ఐడియాస్' 79వ సెక్షన్‌లో దొరుకుతుంది. అక్కడ ఆయన జవాబిస్తున్నది వాట్ అనే మనస్తత్వవేత్తకి, ఆ సంగతి రాయి. రిఫ్లెక్షన్ అనుభవాన్ని మార్చేస్తుందనేవాడికి, మారకముందు అది ఎలా ఉందో తెలిసింది రిఫ్లెక్షన్ వల్లే కదా అన్నది సారాంశం. చాలామంది ఇక్కడ సంబరపడి ఆగిపోతారు. ఈ జవాబుతో సంశయవాది నోరు మూతపడుతుంది కానీ, రిఫ్లెక్షన్ నమ్మదగ్గదని తేలదు. పైగా నాటార్ప్ "మారుతుందని నాకు తెలుసు" అనక్కర్లేదు, "మారలేదని నీకెలా తెలుసు?" అంటే చాలు. అక్కణ్ణుంచి 1919 ఫ్రైబర్గ్ ఉపన్యాసాల్లోకి వెళ్ళు. హైడెగర్ నాటార్ప్‌ని సూటిగా ఎదుర్కొని, అనుభవాన్ని ఎదురుగా పెట్టుకుని చూడటం మాని దానితోపాటు సాగాలంటాడు. మాటలు దారి చూపితే చాలు, వస్తువుని బంధించక్కర్లేదంటాడు. బాగుంది. మరి అలాంటి వర్ణన తప్పైతే తప్పని ఎలా తేలుతుంది? ఆ ప్రశ్న ఆయన్ని అడక్కుండా వదలకు.

అమెరికన్ తత్వవేత్త డెనెట్‌కి మూడు పేజీలు చాలు. 1991 పుస్తకంలో ఆయన చెప్పిన పరీక్ష నువ్వే చేసి చూడు. ఎదురుగా గోడ మీద ఒక చుక్క మీద కళ్ళు నిలిపి, పేకలోంచి ఒక ముక్క చూడకుండా తీసి, చెయ్యి పక్కకి బారచాపి, మెల్లగా మధ్యకి తీసుకురా. కదలిక ముందే తెలుస్తుంది. ఎరుపో నలుపో చెప్పాలంటే మాత్రం ముక్క దాదాపు ఎదురుకి రావాలి. చూపంతా అంచుల దాకా స్పష్టంగా ఉందన్న మన వర్ణన తప్పన్నమాట. ఇది నాలుగో పనికి గట్టి దెబ్బే. కానీ 'ఐడియాస్' 46వ సెక్షన్‌లో హుసెర్ల్ సందేహం లేదన్నది అనుభవం ఉందన్నదాని గురించి. వర్ణన ఎన్నడూ తప్పదన్నది వేరే మాట. ఈ రెండూ కలిపేసిన వ్యాసాలు కొల్లలు. పైగా తప్పు బయటపడింది ఇంకా జాగ్రత్తగా చూడటం వల్లే.

మూడో పనికి "రంగుకి విస్తీర్ణం తప్పదు" అన్న వాక్యం ఒక్కటి తీసుకో. మార్చి చూడటానికి రంగు ఉదాహరణలు ఏరాలంటే రంగేమిటో ముందే తెలియాలి, ఇది వలయదోషం. ఊహకి అందకపోవడం నా ఊహ చేతకానితనం కావచ్చు, ఇది ఇంకోటి. అసలిది మాటల వాడుక నియమమే తప్ప వస్తువుల గురించి కొత్త జ్ఞానం కాదని వియన్నా తత్వవేత్త ష్లిక్ అన్నది మూడోది. మూడింటికీ జవాబులు వేరు. "ఉదాహరణలన్నీ చూడలేం కదా" అన్నది మాత్రం అసలు రాయకు. అన్నీ చూడమని హుసెర్ల్ అడగలేదు, ఇలా ఎంతదూరమైనా పోవచ్చన్న ఎరుక చాలన్నాడు.

హుసెర్ల్ మీద డెరిడా 1967లో చేసిన వాదానికి ఇరుసు రిటెన్షనే. కాబట్టి ఆయన చోటు నాటార్ప్ పక్కన, విడి విభాగం అక్కర్లేదు. రిటెన్షన్ గురించి హుసెర్ల్ చెప్పిన, 1928లో అచ్చైన కాలచైతన్య ఉపన్యాసాలు చదివే తీరిక ఈ సెమిస్టర్‌లో లేకపోతే ఒక్క ఫుట్‌నోట్‌తో సరిపెట్టు.