సముద్రానికి ఎంత దూరం కాదు, ఎంత ఎత్తు?

ప్రశ్న: మా అబ్బాయి విశాఖపట్నంలో బీచ్ రోడ్డు దగ్గర గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ కొనాలనుకుంటున్నాడు. సముద్రం 200 మీటర్ల దూరంలో ఉంది కనుక భయం లేదని బిల్డరు చెబుతున్నాడు. చెరువు మత్తడి దుంకడం తప్ప సముద్రపు పొంగు ఎరుగని మేము ఈ మాటను నమ్మవచ్చునా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: దూరం ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకండి. ఆ స్థలం సగటు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో ముందు అడగండి.

తుపానులో గాలి పీడనం 1 హెక్టాపాస్కల్ తగ్గితే నీరు సుమారు 1 సెంటీమీటరు ఉబ్బుతుంది; గాలి దానిని ఒడ్డుకు నెడుతుంది; అదే వేళకు పోటు ఉంటే అదీ తోడవుతుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన అంత ఎత్తు లేవడానికి అక్కడి సముద్రం లోతు తక్కువగా, నేల చదునుగా ఉండడం ఒక ముఖ్య కారణం. విశాఖ వద్ద లోతు త్వరగా పెరుగుతుంది కనుక నీరు అంతగా పేరుకోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు అక్కడ నమోదైన ఉప్పెన సుమారు 1.4 మీటర్లు. అయితే ఆ లోతు వల్లనే పెద్ద అలలు బలం కోల్పోకుండా ఒడ్డు దాకా వచ్చి విరుగుతాయి. అందుచేత ఉప్పెన మట్టం మీద అల పైకి పాకే ఎత్తును కూడా కలిపి లెక్కించాలి. మన నాగార్జునసాగర్‌కు పూర్తి నీటిమట్టం 590 అడుగులైనా ఆనకట్టను అక్కడితో ఆపకపోవడానికి, గాలికి లేచే అలలు కూడా ఒక కారణమే.

నగరంలో చిక్కు మరింత ఎక్కువ. వాలుగా ఉన్న ఇసుక తీరం మీద అల అలసిపోతుంది. నిటారు గోడకు తగిలితే ఎగసి రోడ్డు మీద పడి, పల్లం వెతుక్కుంటూ సెల్లారులోకి దిగుతుంది. సముద్రం పొంగి ఉన్నంతసేపు నాలాల్లోని వాన నీరు బయటికి పోలేక వెనక్కి తన్నుతుంది. తీరానికి ఎడంగా ఉన్న వీధులు కూడా మునిగేది ఇందువల్లనే.

నూరేళ్లకొకసారి వచ్చే ముంపు అని ఎవరైనా ధైర్యం చెబితే, అది ఏటా 1 శాతం అవకాశమని గుర్తుంచుకోండి. 30 ఏళ్ల గృహరుణం తీరేలోగా ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 26 శాతం. నా దృష్టిలో అది చిన్నది కాదు.

హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) తీర ప్రాంతాల ముప్పు పటాలను తయారుచేస్తుంది, వాటిని చూడండి. దానితోపాటు 2014లో నీరు ఎక్కడి దాకా వచ్చిందో ఆ వీధిలోని పాత దుకాణదారులనూ వాచ్‌మన్లనూ మీ అబ్బాయి స్వయంగా అడగడం మంచిది. అక్కడే కొనక తప్పదనుకుంటే గ్రౌండ్ ఫ్లోర్ మానుకొని, కరెంటు మీటర్లూ జనరేటరూ సెల్లారులో లేని భవనంలో పై అంతస్తు చూసుకోమనండి.