మూతపడిన కొట్టుకూ ఓ వరుస ఉంచు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు.

పీహెచ్‌డీలో చేరావనీ, చిన్న వ్యాపారాల్లో కొన్ని ఎందుకు ఎదుగుతాయి, కొన్ని ఎందుకు ఎదగవు అన్నదే నీ అంశమనీ అక్కయ్య ఫోన్లో చెప్పింది. సంతోషంతో పాటు గుబులూ పట్టుకుంది. సంతోషం సరే. గుబులెందుకంటే, ఈ అంశం చూడ్డానికి మహా మెత్తగా ఉంటుంది. ఎవర్ని కదిపినా వ్యాపారం మీద ఓ అభిప్రాయం ఉంటుంది, కబుర్లకు కొదవుండదు. ప్రశ్నావళి పట్టుకుని నెల్లాళ్లు తిరిగితే థీసిస్‌కి సరిపడా కాగితం పోగవుతుంది. అంత సులువుగా పోగైన కాగితమే తరవాత కొంప ముంచుతుంది.

తేలిక సంగతులు ముందు. చదివిన ప్రతి వ్యాసం పక్కనా అది ఏ దేశం, ఏ ఏళ్లు, ఎన్ని సంస్థలు, వాటిని ఎలా ఎంచారు అని నాలుగు ముక్కలు రాసుకో. ప్రశ్నావళిని పదిహేను ఇరవై మంది దగ్గర ముందు పరీక్షించు. ముడి డేటా ఫైలు జోలికి పోకు, నకలు మీద పనిచెయ్. ఇవన్నీ నీ గైడూ చెబుతారు.

'చిన్న' అంటే ఎంత చిన్నో మొదటి పేజీలోనే తేల్చెయ్. యూరోపియన్ యూనియన్ లెక్కలో పనివాళ్లు 10 మంది లోపైతే సూక్ష్మ సంస్థ, 50 లోపైతే చిన్నది, 250 లోపైతే మధ్యస్థం; టర్నోవరు పరిమితులు వేరే ఉన్నాయి. అమెరికా లెక్కల్లో 500 మంది లోపు సంస్థనూ చిన్నదనే అంటుంటారు. ప్రపంచ బ్యాంకు వారి ఎంటర్‌ప్రైజ్ సర్వేలు ప్రధానంగా రిజిస్టరైన, కనీసం ఐదుగురు పనివాళ్లున్న సంస్థల్నే చూస్తాయి. ఒంటిచేత్తో నెట్టుకొచ్చే మనిషి అందులో కనబడడు. గ్లోబల్ ఆంట్రప్రెన్యూర్‌షిప్ మానిటర్ అనే అంతర్జాతీయ సర్వే దారి వేరు. అది ఇళ్లలో ఉండే మనుషుల్ని అడిగి, వ్యాపారం మొదలెట్టే ప్రయత్నంలో ఉన్నవాళ్లనీ, పెట్టి 42 నెలలు దాటనివాళ్లనీ కలిపి ఒక శాతం చెబుతుంది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి, పొంతన లేదని ఓ అధ్యాయం రాసేస్తారు కొందరు. ఒకరు సంస్థల్ని లెక్కపెట్టారు, ఒకరు మనుషుల్ని. పొంతన ఎక్కడినుంచి వస్తుంది?

ఇక నాచేత ఈ ఉత్తరం రాయించిన పొరపాటు. ఓ తరం మొత్తం చేసింది దీన్ని, కాబట్టి నువ్వూ చేసే అవకాశం బాగానే ఉంది.

1979లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసే డేవిడ్ బిర్చ్, వ్యాపారుల పరపతి వివరాలు సేకరించే డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ సంస్థ రికార్డులు తిరగేసి ఓ నివేదిక ఇచ్చాడు. 1969 నుంచి 1976 దాకా అమెరికాలో నికరంగా పెరిగిన ఉద్యోగాల్లో మూడింట రెండొంతులు, 20 మందికి మించని సంస్థల్లోనే వచ్చాయన్నది దాని సారం. ఉద్యోగాలంటే పెద్ద కార్ఖానాలే అనుకునే రోజుల్లో ఆ మాట ఎండుగడ్డికి నిప్పంటుకున్నట్టు పాకింది. మంత్రుల ఉపన్యాసాల్లో అదే, బ్యాంకుల కరపత్రాల్లో అదే, థీసిస్ పీఠికల్లో మొదటి వాక్యం అదే. ఎలా లెక్కగట్టారని అడిగినవాళ్లు తక్కువ. అందరికీ నచ్చే మాట కదా, అడగబుద్ధి కాదు.

అడిగినవాళ్లలో డేవిస్, హాల్టివాంగర్, షూ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ముఖ్యులు. 1990ల్లో వాళ్లు చూపించిన లోపం ఒకటి కాగితం మీద నువ్వే వేసి చూడు. రెండు సంస్థలున్నాయి. మొదటిదాంట్లో ఈ ఏడు 15 మంది, వచ్చే ఏడు 25 మంది. రెండోదాంట్లో ఈ ఏడు 25, వచ్చే ఏడు 15. మొత్తం మీద ఒక్క ఉద్యోగం పెరగలేదు, ఒక్కటి తగ్గలేదు. ఇప్పుడు 20 లోపు ఉన్నదాన్ని చిన్నదనుకుని, మొదటి ఏడాది సైజును బట్టి విడదియ్యి. చిన్నది పది ఉద్యోగాలు పెంచింది, పెద్దది పది పోగొట్టింది. అదే రెండో ఏడాది సైజును బట్టి విడదీస్తే? చిన్నది పది పోగొట్టింది, పెద్దది పది పెంచింది! రెండేళ్ల సగటు తీస్తే రెండూ 20 దగ్గరే ఉన్నాయి, చెప్పుకోవడానికి కథే లేదు. తాత్కాలికంగా కిందికి జారినవాడు మామూలు స్థితికి రావడాన్ని ఎదుగుదల అని పిలిచాం, అంతే. గణాంకాలవాళ్లు దీన్నే సగటు వైపు మళ్లడం అంటారు.

'నికరంలో వాటా' అన్న మాటా జారుడుబండే. చిన్నవి 60 పెంచి, మధ్యస్థాలు 50 పెంచి, పెద్దవి 100 తగ్గించాయనుకో. నికరం 10. అప్పుడు చిన్నవాటి వాటా 600 శాతం! చేరినవీ పోయినవీ విడివిడిగా చూపించకుండా నికరం మీద శాతాలు వేశావంటే నేను ఊరుకోను.

2013లో హాల్టివాంగర్ మరో ఇద్దరితో కలిసి, సంస్థ వయసును కూడా లెక్కలోకి తెస్తే సైజుకూ ఎదుగుదలకూ మధ్య ఆ క్రమమైన సంబంధం నిలవదని చూపించాడు. ఉద్యోగాలు తెస్తున్నవి కొత్త సంస్థలు. కొత్తవి మామూలుగా చిన్నవే కాబట్టి ఇన్నాళ్లూ పేరు చిన్నతనానికి దక్కింది. అందులోనూ కొత్తవాటిలో చాలా భాగం తొందరగా మూతపడతాయి, మిగిలినవి వేగంగా పెరుగుతాయి. కాబట్టి నీ ఫారంలో 'వ్యాపారం ఏ నెల, ఏ ఏడు మొదలైంది' అన్న గడి ఖాళీగా ఉండకూడదు. చేతులు మారినా, స్థలం మారినా, పేరు మార్చినా ఏది 'మొదలు' అవుతుందో ముందే రాసిపెట్టుకో.

ఇది అమెరికా గొడవ, నాకెందుకు అనుకునేవు సుమా. రేపు నువ్వు రాబడి పడిపోయిన నెలలో అప్పుకో శిక్షణకో వచ్చినవాళ్లని తీసుకుని, ఆర్నెల్ల తరవాత లాభం పెరిగిందని రాస్తే అదే తప్పు కొత్త చొక్కా వేసుకొచ్చినట్టు. శిక్షణ లేకపోయినా వాళ్లలో చాలామంది కోలుకునేవారే. వచ్చినవాళ్లలోంచే చీటీ తీసి సగం మందికి ముందు ఇచ్చి, సగం మందికి తరవాత ఇచ్చే ఏర్పాటు కుదురుతుందేమో అడుగు. కుదరకపోతే 'కారణం' అన్న మాట వాడకు.

బతికున్నవాటినే చూడటం దీని తోబుట్టువు. ఇవాళ్టి జాబితా పట్టుకుని బయల్దేరితే మూతపడినవి నీకు తగలవు, అప్పుడు ధైర్యమే విజయరహస్యం అని తేలుతుంది. అంతే ధైర్యంతో మునిగినవాళ్లు నీ పట్టికలో లేరుగా! అయిదేళ్ల కిందటి లైసెన్సుల జాబితానో, సంఘం సభ్యుల పుస్తకమో సంపాదించి అందులోంచి నమూనా తియ్యి. మొదటిరోజే ప్రతి ఒక్కరి దగ్గరా రెండు ఫోన్ నంబర్లూ, వాళ్ల ఆచూకీ తెలిసిన బంధువు నంబరు ఒకటీ తీసుకో. అభివృద్ధి చెందుతున్న 12 దేశాల సర్వేలు కలిపి చూస్తే చిన్న సంస్థలు మొదటి అయిదేళ్లలో ఏడాదికి సగటున 8 శాతం పైచిలుకు మూతపడుతున్నాయని తేలింది. ఏడాదికి 8 శాతమే వేసుకున్నా, 600తో మొదలెడితే మూడేళ్లకు మిగిలేవి 467. మూసేశారా, ఊరు మారారా, నీతో మాట్లాడనన్నారా అన్నది మూడు వేర్వేరు కోడ్‌లుగా రాయి. మూసినవారి లాభం సున్నా అనీ, వాళ్ల ఇప్పటి సంపాదన వేరే గడిలోననీ గుర్తుంచుకో. సున్నాకి లాగరిథం ఉండదు కాబట్టి, లాభానికి లాగరిథం తీశావంటే ఆ సున్నాలు చప్పుడు లేకుండా ఎగిరిపోతాయి. కష్టపడి వెతికి పట్టుకున్నవాళ్లని మళ్లీ నువ్వే చంపినట్టవుతుంది.

లాభం ఎలా అడగాలి? అమ్మకాలు, ఖర్చులు విడివిడిగా అడిగి తీసివేత చేస్తే చాలాసార్లు మైనస్ వస్తుంది. ఈ నెల కొన్న సరుకు వచ్చే నెల అమ్ముడవుతుంది మరి. శ్రీలంకలో డి మెల్, మెకెంజీ, వుడ్రఫ్ దీన్ని పరీక్షించారు. చిన్న వ్యాపారులు అమ్మకాలను దాదాపు 30 శాతం తగ్గించి చెబుతున్నారనీ, లాభం ఎంతని సూటిగా అడగడమే నయమనీ 2009లో ప్రచురించారు. 'పోయిన నెల పనివాళ్ల జీతాలతో సహా ఖర్చులన్నీ పోగా, నీకోసం తీసుకున్నది మినహాయించకుండా, ఎంత మిగిలింది?' అన్న ఒక్క ప్రశ్న చాలు. ఇంట్లోకి వాడుకున్న సరుకు విలువ, జీతం లేకుండా పనిచేసే ఇంటివాళ్ల గంటలు మాత్రం వేరుగా అడుగు. ఆ గంటలు మర్చిపోతే చాకిరీ అంతా లాభం పద్దులో పడుతుంది.

లాభం నెలనెలా ఊగుతుంది. ఒక నెల అంకెకూ ఇంకో నెల అంకెకూ సహసంబంధం (సున్నా అంటే పొత్తే లేదు, ఒకటి అంటే పూర్తి పొత్తు) 0.3 అనుకుంటే, 800 మందిని ఒక్కసారి అడగడమూ, 380 మందిని నాలుగుసార్లు అడగడమూ కచ్చితత్వంలో ఒకటే. నీ దగ్గరుండేది ఒక స్కూటరూ రెండు కాళ్లూ కాబట్టి రెండోదే ఎంచుకో.

పేర్లున్న ఫైలు ఒకచోట, అంకెలున్న ఫైలు ఇంకోచోట, రెండిటికీ మధ్య ఒక సంఖ్య మాత్రమే. ఇది నాకున్న పెద్ద భయం, చాదస్తమనుకున్నా సరే. పన్నువాళ్లకో అప్పులవాళ్లకో చెప్పని అంకె మనిషి నీకు చెబుతున్నాడంటే నీ ముఖం చూసి చెబుతున్నాడు. ఆ నోట్‌బుక్కు బస్సులో మర్చిపోతే ఏ క్షమాపణా సరిపోదు. పనివాళ్ల ఎదుట, భాగస్వామి ఎదుట డబ్బు ప్రశ్నలు వద్దు. బేరం వస్తే మాట మధ్యలోనైనా ఆపి పక్కకు జరిగి నిలబడు. ముప్పావుగంట దాటితే ఆ తరవాత వచ్చేవి నిన్ను పంపించేయడానికి చెప్పే జవాబులు.

ఇదంతా చదివి బెదిరిపోకు తల్లీ. చిన్నప్పుడు మార్కుల కాగితంలో కూడిక తప్పుందని టీచరు దగ్గరికి వెళ్లి, నీ మార్కులు తగ్గించుకుని వచ్చిన పిల్లవి నువ్వు. ఆ రోజు ఇంట్లో అందరూ నవ్వారు. ఈ పనికి కావలసింది ఆ పిల్లే.

డేటా రాకముందే ఖాళీ పట్టికలు గీసి, శీర్షికలు రాసి పంపు, నెలాఖరు లోపల. మూతపడినవాటికి ఓ వరుస కనబడకపోతే అక్కయ్యకి కాదు, నేరుగా నీకే ఫోన్ చేస్తాను. ఎండలో తిరిగేటప్పుడు నీళ్లసీసా మర్చిపోకు.

ఉంటాను,
మామయ్య