సిరొంచ నుంచి ఎం.ఎడ్.కి

ప్రశ్న: అక్కా, మాది మహారాష్ట్రలోని సిరొంచ. ఇంట్లో తెలుగు, చదువంతా మరాఠీ మీడియం. బి.ఎడ్.లో 58 శాతం వచ్చింది, మేం ఓబీసీ. వంతెన దాటితే కాళేశ్వరమే కదా, ఎం.ఎడ్.కి తెలంగాణలో అప్లై చేస్తే రిజర్వేషన్ వస్తుందా?

జవాబు: రాదమ్మా. మహారాష్ట్ర కుల సర్టిఫికెట్ మహారాష్ట్రలోనే చెల్లుతుంది, అటువైపు నిన్ను నాన్‌లోకల్‌గానే చూస్తారు. అందుకే ముందు మహారాష్ట్ర ఎం.ఎడ్. సెట్ రాయి. బి.ఎడ్.లో 50 శాతం ఉంటే చాలు కాబట్టి మార్కుల గురించి టెన్షన్ వద్దు. అసలు భయపడాల్సింది కాగితాల గురించి, ఎందుకంటే కుల సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని వెళ్తే సరిపోదు, క్యాస్ట్ వ్యాలిడిటీ (కులాన్ని కమిటీ తనిఖీ చేసి ఇచ్చే సర్టిఫికెట్) కావాలి, నాన్ క్రీమీలేయర్ (ఆదాయం పరిమితి దాటలేదనే సర్టిఫికెట్) కావాలి, డొమిసైల్ (నివాస సర్టిఫికెట్) కావాలి, వీటిలో వ్యాలిడిటీకే ఎక్కువ రోజులు పడుతుంది, తాతల కాలం నాటి స్కూలు రికార్డులు కూడా అడుగుతారు. నోటిఫికేషన్ కోసం ఆగకు, ఈ వారమే మీ నాన్నగారితో కూర్చుని పాత టీసీలు వెతుకు.

తెలంగాణ కూడా వదలకు, అక్కడి పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ప్రయత్నించు.

ఇంకో మాట. ఎం.ఎడ్.లో డిసర్టేషన్ (ఒక టాపిక్ మీద పరిశోధన చేసి రాసేది) ఉంటుంది. ఇంట్లో తెలుగో గోండియో మాట్లాడే పిల్లలు బడిలో మరాఠీ పుస్తకం తెరిస్తే ఏమవుతుందో నీకు తెలిసినంతగా పుణే వాళ్లకు తెలియదు. నీ టాపిక్ అదే, ఇప్పటినుంచే నోట్సు రాసుకో.