డబ్ల్యూడబ్ల్యూఈ మహిళా రెజ్లర్ పేజ్ 25 ఏళ్లకే ఎందుకు రిటైరైంది? మళ్లీ రింగ్‌లోకి ఎలా వచ్చింది?

మెడ గాయం వల్ల. ఆమె అసలు పేరు సరాయా బెవిస్, ఊరు ఇంగ్లండ్‌లోని నార్విచ్. అమ్మానాన్నలిద్దరూ రెజ్లర్లే, సొంతంగా కుస్తీ కంపెనీ కూడా నడిపేవారు. కడుపులో బిడ్డ ఉందని తెలియక వాళ్లమ్మ ఏడో నెలలో కూడా మ్యాచ్ ఆడిందట! 13 ఏళ్లప్పుడు, రావాల్సిన రెజ్లర్ రాకపోతే నాన్న ఈమెను రింగ్‌లోకి దింపాడు. కెరీర్ అలా మొదలైంది.

2011లో డబ్ల్యూడబ్ల్యూఈలో చేరింది. 2013లో ఎన్‌ఎక్స్‌టీ (కొత్తవాళ్లను తీర్చిదిద్దే డబ్ల్యూడబ్ల్యూఈ విభాగం) తొలి మహిళా ఛాంపియన్ అయింది. నాకు బాగా గుర్తున్నది మాత్రం 2014 ఏప్రిల్ 7 నాటి రా (డబ్ల్యూడబ్ల్యూఈ వారంవారం టీవీ షో). అభినందించడానికి వచ్చిన పేజ్‌ను అప్పటి దివాస్ ఛాంపియన్ (మహిళల టైటిల్ విజేత) ఏజే లీ చులకన చేసి, అక్కడికక్కడే మ్యాచ్‌కి పిలిచింది. కాసేపట్లోనే బెల్టు చేతులు మారింది. అప్పటికి పేజ్‌కి 21 ఏళ్లే. నల్ల దుస్తులు, పాలిపోయిన ముఖం, మీద పడి కొట్టే తీరు... గ్లామర్ బొమ్మల మధ్య ఆమె వేరుగా కనిపించేది.

2016లో మెడకు ఆపరేషన్ అయింది. 2017 నవంబర్‌లో తిరిగొచ్చినా, డిసెంబర్‌లో ఒక మ్యాచ్‌లో వీపు మీద తన్ను తగలడంతో పాత గాయం తిరగబెట్టింది. 2018 ఏప్రిల్‌లో ఏడుస్తూనే వీడ్కోలు చెప్పింది. తర్వాత కొన్నాళ్లు డబ్ల్యూడబ్ల్యూఈ మరో షో స్మాక్‌డౌన్‌లో జనరల్ మేనేజర్‌గా కనిపించింది.

2022లో డబ్ల్యూడబ్ల్యూఈకి పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూలో సరాయా పేరుతో చేరి, డాక్టర్లు సరేనన్నాక మళ్లీ కుస్తీ పట్టింది. 2023 ఆగస్టులో లండన్ వెంబ్లీ స్టేడియంలో, ఇంటివాళ్లు రింగ్ పక్కనే చూస్తుండగా, మహిళల ప్రపంచ టైటిల్ గెలిచింది. ఆ బెల్టు అక్టోబర్ దాకానే నిలిచింది. 2025లో ఏఈడబ్ల్యూ నుంచీ బయటికొచ్చింది.